కారు రాకముందే కారు ఖర్చు మొదలుపెట్టండి: లెక్క చూసుకునేవాళ్లకు కొత్త కారు ప్లాన్

షోరూమ్‌లో కూర్చోగానే కాఫీ ఇచ్చి అడిగే మొదటి ప్రశ్న "బడ్జెట్ ఎంత అనుకుంటున్నారు సార్" అని. మనలో చాలామంది ఆరు లక్షలనో ఎనిమిది లక్షలనో చెప్పేస్తాం. అక్కడే బేరం వాళ్ల చేతికి పోతుంది. ఎందుకంటే ధర చెప్పాక "ఇంకో వెయ్యి ఈఎంఐ పెంచుకుంటే పై వేరియంట్ వస్తుంది" అనడం వాళ్లకు చాలా సులువు. రూపాయి రూపాయి చూసుకునే మనిషికి బడ్జెట్ అంటే కారు ధర కాదు, పిల్లల ఫీజు, ఇంటి అద్దె, మందుల ఖర్చు ఏదీ ముట్టుకోకుండా ఐదేళ్ల పాటు ప్రతి నెలా కారు కోసం పక్కన పెట్టగలిగిన మొత్తం. ఈఎంఐ, పెట్రోలు, ఇన్సూరెన్స్, సర్వీసింగ్, టైర్లు అన్నీ అందులోనే రావాలి. ఆ మొత్తం మీ వల్ల అవుతుందో కాదో కారు కొనకముందే పరీక్షించి చూసుకోవచ్చు, ఆ పరీక్షలో పోగైన డబ్బే డౌన్ పేమెంట్ అవుతుంది. ఇక్కడ చెప్పేదంతా ఆ పద్ధతి గురించే.

అంతకంటే ముందు ఒక నోటు పుస్తకం తీసుకోండి, ఫోన్‌లో రాసుకున్నా సరే. రెండు నెలల పాటు మీ ఇంట్లోవాళ్లు బైకులో, బస్సులో, ఆటోలో, అద్దె కారులో ఎక్కడికి వెళ్లినా, "కారుంటే దీనికి కారు తీసేవాళ్లమా" అని ఒకసారి అనుకుని, అవునంటేనే ఆ కిలోమీటర్లు రాయండి. మాలాగా తిరుపతిలో ఉండేవాళ్లకు చిత్తూరు 70 కిలోమీటర్ల దరిదాపు, శ్రీకాళహస్తి 40 లోపు, చెన్నై వెళ్లొస్తే 280 వరకు, బెంగళూరు ఒకవైపే 250. రోజూ ఆఫీసుకు బైకు మీదే వెళ్తారా, వాన పడినప్పుడు మాత్రమే కారు తీస్తారా అన్నది కూడా నిజాయితీగా రాసుకోవాలి. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పని చేసేవాళ్లకు కంపెనీ బస్సు ఉంటే ఆ దూరం లెక్కలోకి రాదు.

దానికి ఇంకో వంద కిలోమీటర్లు కలపండి. తిరుపతిలో ఉంటూ కారు కొన్నారని తెలిసిన మరుక్షణం ఎక్కడెక్కడి చుట్టాలకూ మొక్కులు గుర్తొస్తాయి, రేణిగుంట ఎయిర్‌పోర్ట్ నుంచి ఎక్కించుకోవడం, కొండ మీదికి తీసుకెళ్లడం, తిరిగి స్టేషన్లో దించడం మన మీదే పడుతుంది. పెట్రోలు డబ్బులు ఎవరూ అడగరు, మనమూ అడగలేం. ఇది జోక్ కాదు, ఈ ఊళ్లో కారు బడ్జెట్‌లో ఇదొక పద్దు.

మొత్తం నెలకు 300 కిలోమీటర్లు దాటకపోతే నా ఉద్దేశంలో కారు కొనడం ఆపేసి అద్దె కారుతో సరిపెట్టుకోవడమే మేలు. యాత్రికుల పుణ్యమా అని తిరుపతిలో ట్రావెల్స్ వీధికొకటి ఉంది, అర్ధరాత్రి ఫోన్ చేసినా డ్రైవర్‌తో సహా బండి వస్తుంది. సొంత కారు బయటికి తీయకుండా ఇంటి ముందు నిలబెట్టినా నెలకు పది వేల పైన తింటుంది, ఎలాగో కింద చూద్దాం. 300 దాటి 700, 800 దాకా వస్తుంటే చదవండి.

మొదట ఆన్‌రోడ్ ధర, అంటే పన్నులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి బండి రోడ్డెక్కేసరికి అయ్యేది. ఎక్స్ షోరూమ్ ధర చూసి ఊరుకుంటే మోసపోయినట్టే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, అంటే నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలు లేదా సీఎన్‌జీ అయితే 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్నవి. అది మంచిదే, కానీ దాని మీద మన ఆంధ్రప్రదేశ్‌లో లైఫ్ ట్యాక్స్ ఉంది. ఐదు లక్షల నుంచి పది లక్షల మధ్య కారుకు దాదాపు 14 శాతం అనుకుని లెక్క వేసుకోండి. ఆరు లక్షల కారుకు ఇదొక్కటే 84,000. తర్వాత ఇన్సూరెన్స్. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ఒకేసారి కట్టాలి. 2022లో నిర్ణయించిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు అయితే 6,521, 1000 నుంచి 1500 సీసీ లోపు అయితే 10,640, పైన జీఎస్టీ ఉంటే అదీ. దీనికి ఏడాది ఓన్ డ్యామేజ్ (మన బండి దెబ్బతింటే ఇచ్చేది), జీరో డిప్రిసియేషన్ (విడిభాగాలు పాతబడ్డాయని కోత వేయకుండా ఇచ్చేది) కలిపితే ముప్పై వేల చుట్టుపక్కల తేలుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు, ఫాస్టాగ్, నంబర్ ప్లేటు, మ్యాట్లు వగైరా పది వేలు. అంటే ఆరు లక్షల కారు ఇంటికి వచ్చేసరికి ఏడు లక్షల పాతిక వేలు. పది లక్షలు దాటిన కారైతే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా పట్టుకునే పన్ను) కూడా వసూలు చేస్తారు, తర్వాత ఆదాయపు పన్ను లెక్కలో సర్దుకోవచ్చు గానీ ఆ రోజు మాత్రం చేతిలోంచి పోతుంది. మనం పది లక్షల దాకా పోవడం లేదు కాబట్టి వదిలేద్దాం.

ఇప్పుడు నెల ఖర్చు. నెలకు 800 కిలోమీటర్లు, నిజంగా లీటరుకు వచ్చేది 20, పెట్రోలు 110 రూపాయలు అనుకుంటే పెట్రోలుకు 4,400. ఇన్సూరెన్స్ రెండో ఏడాది నుంచి ఏటా కట్టేదాన్ని పన్నెండుతో భాగిస్తే ఓ 1,500. సర్వీసింగ్‌కి 700. టైర్లు, బ్యాటరీ ఎప్పుడో ఒకసారి ఒకేసారి మీద పడతాయి, నాలుగు టైర్లకు తక్కువలో తక్కువ పద్దెనిమిది ఇరవై వేలు, అందుకని నెలకు 800 పక్కన పెట్టండి. టోల్, పార్కింగ్, కడిగించడం 500. మొత్తం 7,900. దీనికి ఈఎంఐ కలపాలి. నాలుగు లక్షల లోన్ 9 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే 8,303. వెరసి నెలకు 16,200. బండి కదలకపోయినా ఈఎంఐ, ఇన్సూరెన్స్, సర్వీసు కలిపి 10,500, ఇందాక పది వేల పైన తింటుందన్నది ఇదే.

ఇప్పుడు అసలు పని. ఆ 16,000 ఈ నెల నుంచే కట్టడం మొదలుపెట్టండి, మీకు మీరే. జీతం పడిన మర్నాడే వేరే బ్యాంకు ఖాతాకు ఆటో డెబిట్ పెట్టుకోండి. ఆ ఖాతాకు ఫోన్‌పే, గూగుల్ పే ఏదీ లింక్ చేయొద్దు, ఏటీఎం కార్డు బీరువాలో పడేయండి, చేతికి అందితే ఆగదు. ఆ ఖాతాలోంచి రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) వేసుకోండి. ఇరవై నెలలు ఇలా చేస్తే అసలే 3,20,000, వడ్డీతో కలిపితే ఇంకాస్త. ఏడు లక్షల పాతిక వేల కారుకు నాలుగు లక్షలు లోన్ పోను మిగిలింది 3,25,000 కదా, అది తయారైపోతుంది. పైగా ఈ ఇరవై నెలల్లో మీ ఇల్లు కారు ఖర్చుకు అలవాటు పడింది. కారు వచ్చాక అదే 16,000లో సగం ఈఎంఐకి, సగం బండి ఖర్చుకి పోతుంది. జీవితం ఏమీ మారదు.

మధ్యలో రెండు మూడు నెలలు కట్టలేక ఆగిపోయారా, అయితే మీ బడ్జెట్ 16,000 కాదు. పన్నెండు వేలు కావచ్చు. తక్కువ ధర కారు చూసుకోవాలి, లేదా ఇంకో పది నెలలు ఆగాలి. ఈ సంగతి బ్యాంకు వాళ్లు నోటీసు పంపాక తెలియడం కన్నా ఇప్పుడు తెలియడం ఎంతో నయం.

ఆ పదహారు వేలు ఎక్కడి నుంచి తేవాలి అంటారా. గత మూడు నెలల యూపీఐ స్టేట్‌మెంట్ తీసి చూడండి, ఒక్క సాయంత్రం పని. పాత ఓటీటీ, జిమ్, ఎప్పుడో పెట్టి మర్చిపోయిన ఆటోపే, ఆదివారం బిర్యానీ ఆర్డర్లు ఇవన్నీ కలిపితే రెండు మూడు వేలు ఎవరికైనా దొరుకుతాయి. కానీ నిజం చెప్పాలంటే కాఫీ మానేసి ఎవరూ కారు కొనలేదు. పెద్ద మొత్తం మూడు చోట్ల ఉంటుంది. ఒకటి, అయిపోతున్న అప్పు. బైకు ఈఎంఐ గానీ ఫోన్ ఈఎంఐ గానీ ముగిసిన నెల నుంచి అదే మొత్తాన్ని ఈ ఖాతాలోకి మళ్లించండి, ఆ కట్టడం మీకు కొత్త భారంగా అనిపించదు. రెండు, జీతంతో సంబంధం లేకుండా వచ్చే డబ్బు. డీఏ బకాయిలు, బోనస్, టీటీడీ ఉద్యోగులకైతే బ్రహ్మోత్సవ బహుమానం, ఇవి వచ్చిన రోజే సగమన్నా ఇటు పంపేయాలి. మూడు, నగల షాపు స్కీములు. బంగారం వద్దనను, కానీ ఒకే జీతంతో బంగారం స్కీము, కారు ఫండ్ రెండూ నడపలేకపోతే ఏదో ఒకటి ఆపాల్సిందే, దీని గురించి ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోండి.

ఇంకో మాట, కారు కొనబోతున్నామని ఎవరికీ చెప్పకండి. చెబితే బావమరిది పెద్ద ఎస్‌యూవీ తీసుకో అంటాడు, పక్కింటాయన అప్పు అడుగుతాడు.

డబ్బు ఎక్కడ దాచాలి అన్నదాంట్లో కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. పోస్టాఫీసు ఆర్‌డీ మంచిదే గానీ అది ఐదేళ్లది. మూడేళ్లు నిండకుండా మూయనివ్వరు, మూడేళ్ల తర్వాత మూసినా సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. ఏడాదిన్నర రెండేళ్ల పనికి బ్యాంకు ఆర్‌డీయే సరి. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు ఇంత తక్కువ కాలానికి వద్దు, కొనాల్సిన నెలలోనే మార్కెట్ పడుతుంది, అదేం శాపమో.

చీటీలు మన జిల్లాలో వదలలేని అలవాటు, అందుకే చెబుతున్నా. రిజిస్టర్ అయిన చీటీ అయితే 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద నడుస్తుంది, కంపెనీ కమిషన్ 7 శాతానికి మించకూడదు. చివరి దాకా పాడకుండా ఉండగలిగితే డివిడెండ్‌తో కలిపి ఫర్వాలేదనిపిస్తుంది. కానీ తొందరపడి మొదట్లోనే తగ్గించి పాడుకున్నారంటే అది పొదుపు కాదు, అప్పు, అదీ వడ్డీ ఎంతో కంటికి కనిపించని అప్పు. వీధిలో, ఆఫీసులో తెలిసినవాళ్లు కాగితం మీద నడిపే చీటీలో కారు డబ్బు పెట్టొద్దు. వాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే, చీటీ కట్టేవాళ్లలో ఇద్దరు ఎత్తేసి ముఖం చాటేస్తే ఆ మంచివాళ్లూ చేసేదేం ఉండదు. డౌన్ పేమెంట్ కోసం ఇంట్లో నగలు కుదువ పెట్టడం కూడా ఇదే బాపతు. అప్పు మీద అప్పుతో కారెక్కడమే అవుతుంది.

లోన్ దగ్గర చూడాల్సింది ఈఎంఐ కాదు, మొత్తం ఎంత కడుతున్నారన్నది. అదే నాలుగు లక్షలు, అదే 9 శాతం. మూడేళ్లకైతే ఈఎంఐ 12,720, వడ్డీ మొత్తం 58,000 లోపు. ఐదేళ్లకు 8,303, వడ్డీ 98,000. ఏడేళ్లకు 6,436, వినడానికి బాగుంటుంది, వడ్డీ మాత్రం 1,40,000 దాటుతుంది. ఏడేళ్ల లోన్ తీసుకుంటే తప్ప ఆ కారు రాదంటే ఆ కారు మీది కాదని అర్థం. ఐదేళ్లకు తీసుకుని మధ్యలో కొంత కొంత ముందే కట్టేయడం నాకు నచ్చిన దారి. అందుకే సంతకం పెట్టకముందే పార్ట్ పేమెంట్ ఒప్పుకుంటారా, దానికి చార్జీ ఎంత, ఫోర్‌క్లోజర్‌కి, అంటే లోన్ మొత్తం ముందే తీర్చేయడానికి ఎంత అని అడగాలి, ఎందుకంటే కారు లోన్లు చాలావరకు ఫిక్స్‌డ్ వడ్డీవి, వాటికి ఈ చార్జీలు వేస్తారు. "ఐదున్నర శాతమే సార్, ఫ్లాట్" అని ఎవరైనా అంటే సంబరపడకండి. ఫ్లాట్ అంటే అసలు తీరుతున్నా మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు, ఐదేళ్లకు ఐదున్నర ఫ్లాట్ అంటే తగ్గుతూ పోయే లెక్కలో పది శాతంతో సమానం. 2024 అక్టోబరు నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి, అందులో ప్రాసెసింగ్ ఫీజు అదీ ఇదీ కలిపి ఏడాదికి అసలు వడ్డీ ఎంత పడుతుందో ఒకే అంకెలో ఉంటుంది. రెండు మూడు చోట్ల ఆ కాగితం తీసుకుని ఆ అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి, మాటలు వినొద్దు.

జీతం లేని ఇళ్ల సంగతి వేరు. మామిడి తోట మీద బతికే ఇంటికి డబ్బు జూన్, జూలైలో వస్తుంది, మిగతా ఏడాదంతా పాల బిల్లు మీదే నడుస్తుంది. అలాంటప్పుడు ఈఎంఐ పాల బిల్లులోంచి కట్టగలిగేంత చిన్నదిగా పెట్టుకుని, కాయ డబ్బు వచ్చినప్పుడు పార్ట్ పేమెంట్ కట్టాలి. కాయ డబ్బును నమ్ముకుని పెద్ద ఈఎంఐ పెట్టుకోవద్దు. 2025లో తోతాపురి ధర ఎలా పడిపోయిందో, కిలోకు 4 రూపాయలు ప్రభుత్వం కలపాల్సి వచ్చిందో చిత్తూరు జిల్లాలో ఎవరిని అడిగినా చెబుతారు.

సరే, ఏ కారు? ఇక్కడే మైలేజీ పిచ్చి గురించి చెప్పాలి. మనలాంటి వాళ్లం కంపెనీ చెప్పే మైలేజీ అంకె చూసి పడిపోతాం. కొత్త స్విఫ్ట్‌కి మాన్యువల్ 24.80, ఆటోమేటిక్ 25.75 అని ప్రకటించారు. అవి ల్యాబ్‌లో పరీక్షించిన అంకెలు. తిరుపతి ట్రాఫిక్‌లో, మే నెల ఎండలో ఏసీ వేసుకుని తిరిగితే అందులో నాలుగో వంతు దాకా తగ్గించుకోవచ్చు. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి మైలేజీ ఇంకొంచెం తగ్గుతుంది. కొత్త కారైతే ఆ పెట్రోలుకు తగ్గట్టే తయారవుతుంది కాబట్టి పాడవుతుందన్న టెన్షన్ అక్కర్లేదు.

ఇప్పుడు ఈ లెక్క చూడండి. ఒక కారు నిజంగా 20 ఇస్తుంది, ఇంకోటి 24 ఇస్తుంది. నెలకు 800 కిలోమీటర్లకు మొదటిది 40 లీటర్లు తాగితే రెండోది 33 లీటర్ల పైచిలుకు. తేడా ఏడు లీటర్లు కూడా లేదు, నెలకు 730 రూపాయలు, ఏడాదికి 8,800. ఆ మైలేజీ కోసం లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి కొంటే, ఆ లక్ష తిరిగి రావడానికి పదకొండేళ్లకు పైగా పడుతుంది, వడ్డీ కలపకుండానే. కాబట్టి ఒకే ధరలో ఉన్న రెండు కార్ల మధ్య మైలేజీ చూడండి, మైలేజీ కోసం ధర పెంచుకుంటూ పోవద్దు. హైబ్రిడ్ కార్లు అద్భుతమైన మైలేజీ ఇస్తాయి, కానీ వాటి ధర చూస్తే మన లెక్కకు అస్సలు పొసగవు.

సీఎన్‌జీ సంగతి కాస్త ఆలోచించాల్సిందే. పెట్రోలు వేరియంట్ కంటే తొంభై వేల దాకా ఎక్కువ. పెట్రోలుకు కిలోమీటరుకు 5.50 పడితే, గ్యాస్ కిలో 90 అనుకుని, కిలోకు 27 కిలోమీటర్లు వస్తే 3.33 పడుతుంది. కిలోమీటరుకు రెండు రూపాయల పైన మిగులుతుంది. తొంభై వేలు రావాలంటే 41,000 కిలోమీటర్ల పైన తిరగాలి. నెలకు 800 అయితే నాలుగేళ్లు దాటుతుంది, 1,500 తిరిగేవాళ్లకు రెండేళ్ల మూడు నాలుగు నెలలు. అంటే రోజూ తిరుపతి, చిత్తూరు మధ్య తిరిగే వాళ్లకు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, వారానికి ఒకసారి ఊరెళ్లే వాళ్లకు వద్దు. ఎక్కువ మోడళ్లలో డిక్కీ సిలిండర్‌కే పోతుంది, మూడేళ్లకోసారి సిలిండర్ టెస్ట్ చేయించాలి, బంకులో క్యూ ఉంటుంది. మీ ఇంటి దారిలో సీఎన్‌జీ బంకు ఉందో లేదో, సాయంత్రం ఏడు గంటలప్పుడు అక్కడ ఎన్ని ఆటోలు నిలబడి ఉన్నాయో ఒకసారి వెళ్లి చూసి రండి.

ఎలక్ట్రిక్ గురించి ఒక్క మాట. సొంత ఇల్లు, సొంత పార్కింగ్, ఇంట్లో చార్జింగ్ పాయింట్ మూడూ ఉండి, ఊళ్లోనే ఎక్కువ తిరిగేవాళ్లైతే చూడండి, జీఎస్టీ 5 శాతమే. అపార్ట్‌మెంట్‌లో అద్దెకు ఉంటూ అసోసియేషన్‌తో రోజూ గొడవ పడే ఓపిక ఉందా అన్నది మీరే తేల్చుకోవాలి.

పొదుపు పేరుతో భద్రత మీద కోత పెట్టడం మాత్రం నాకు నచ్చదు. ఆరు ఎయిర్‌బ్యాగులు ఇప్పుడు ఆల్టో కె10, వ్యాగన్ ఆర్, సెలెరియో లాంటి చిన్న కార్లలో కూడా అన్ని వేరియంట్లకూ ఇస్తున్నారు కాబట్టి అది ఒక బెంగ తీరింది. కానీ ఎయిర్‌బ్యాగుల లెక్క వేరు, బాడీ గట్టితనం వేరు. 2024లో వచ్చిన డిజైర్‌కి, కార్లను ఢీకొట్టి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు స్టార్లు వచ్చాయి. ఏ కారు చూసినా ఆ రిపోర్టు వెతికి చదవండి. సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్, అలాయ్ వీల్స్ కోసం పై వేరియంట్‌కి ఎక్కొద్దు. తిరుపతి ఎండలో సన్‌రూఫ్ తెరిచి ఎవరు చూడాలి.

ఎప్పుడు కొనాలి? మూఢనమ్మకం అనుకోండి, ఆచారం అనుకోండి, ఆషాఢంలో మన దగ్గర ఎవరూ బండి తీయరు. షోరూమ్‌లు ఖాళీగా ఉంటాయి, సేల్స్ వాళ్లకు టార్గెట్ మాత్రం అలాగే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే ఆషాఢంలో బేరం ఆడి, ధర కాగితం మీద రాయించుకుని, డెలివరీ శ్రావణంలో తీసుకోండి, అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. డిసెంబరు ఇంకో అదను, ఏడాది మారితే పాత స్టాక్ ధర తగ్గుతుందని వదిలించుకోవాలని చూస్తారు. పదేళ్లు వాడేవాళ్లకు తయారైన సంవత్సరం పెద్ద విషయం కాదు, మూడేళ్లకు మార్చేవాళ్లకే నష్టం. పొదుపు మనిషి మూడేళ్లకు కారు మార్చడు కదా.

రేణిగుంట రోడ్డులో ఒక షోరూమ్‌కి వెళ్లి ఊరుకోకండి. అదే కంపెనీకి చిత్తూరు, నెల్లూరు, కడపల్లో ఉన్న డీలర్లకు ఫోన్ చేసి ఆన్‌రోడ్ ధర ఒక్కో పద్దు విడివిడిగా వాట్సాప్‌లో పంపమనండి. అందులో హ్యాండ్లింగ్ చార్జీలు అనో లాజిస్టిక్స్ అనో కనిపిస్తే ఇది దేనికని అడగండి, గట్టిగా అడిగినవాళ్లకు తీసేస్తారు. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న రూలు లేదు, బయట రేటు తెచ్చి చూపిస్తే వాళ్లే తగ్గిస్తారు. పాత కారు అమ్మి కొత్తది కొనేవాళ్లు నో క్లెయిమ్ బోనస్ సర్టిఫికెట్ తీసుకోవడం మర్చిపోవద్దు, ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు మీతోపాటే కొత్త కారుకు వస్తుంది. ఇప్పటికే విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉన్నవాళ్లు కారు పాలసీలో ఇంకోసారి దానికి కట్టక్కర్లేదు. ఫ్యాన్సీ నంబరు గురించి నేనేం చెప్పను, ఇక్కడిదాకా చదివినవాళ్లకు అది అవసరం లేదు. పక్క రాష్ట్రంలో ట్యాక్స్ తక్కువని అక్కడ కొని ఇక్కడ తిప్పుదామన్న తెలివితేటలు కూడా వద్దు. ఏడాది దాటి ఇక్కడే ఉంచితే ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి, ట్యాక్స్ మళ్లీ కట్టాలి.

బండి వచ్చాక కాణిపాకం తీసుకెళ్లి పూజ చేయిస్తారు కదా, ఆ ప్రయాణం నుంచే మైలేజీ లెక్క మొదలుపెట్టండి. బంకులో ఆటో కట్ అయ్యేదాకా ఫుల్ ట్యాంక్ కొట్టించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మళ్లీ ఫుల్ ట్యాంక్ కొట్టించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో దానితో కిలోమీటర్లను భాగించండి. డాష్‌బోర్డు చూపించే అంకె కాస్త ఆశావాది, దాన్ని పూర్తిగా నమ్మొద్దు. తిరుమల ఎక్కేటప్పుడు మైలేజీ ఎలాగూ పడిపోతుంది, దాని గురించి బాధపడక్కర్లేదు. దిగేటప్పుడు మాత్రం పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లు ఇంకా ఉన్నారు. అది ప్రాణాలకు ప్రమాదం, పైగా మిగిలేదీ లేదు. ఇప్పటి ఇంజిన్లలో గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి, న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి కొంచెం తాగుతూనే ఉంటుంది. రెండో గేరులో నెమ్మదిగా దిగితే బ్రేకులూ మిగులుతాయి.

చిత్తూరు, నగరి, పలమనేరు, కుప్పం వైపు వాళ్లకు ఒక సౌకర్యం ఉంది, తమిళనాడు, కర్ణాటకల్లో పెట్రోలు మన కంటే చవక. వేలూరు ఆసుపత్రికో బెంగళూరుకో వెళ్లినప్పుడు ట్యాంకు అక్కడే నింపుకోండి. కానీ దానికోసమే బయల్దేరొద్దు. లీటరుకు ఏడు రూపాయలు మిగిలినా ముప్పై లీటర్లకు 210, పోను రాను నలభై కిలోమీటర్లకు రెండు లీటర్లు, 220. సరిగ్గా పది రూపాయలు నష్టం. చెన్నై, బెంగళూరు తరచూ వెళ్లేవాళ్లు ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకుంటే 200 సార్లు జాతీయ రహదారి టోల్ దాటొచ్చు, 2025లో అది మొదలైనప్పటి 3,000 రూపాయల లెక్కన దాటినప్పుడల్లా 15 రూపాయలే. అలిపిరి దగ్గర టీటీడీ గేటుకు మాత్రం ఆ పాస్ పనికిరాదు, అక్కడ ఫాస్టాగ్‌లో విడిగా డబ్బు ఉండాలి.

ఇక లోన్ తీరిన రోజు సంగతి. చివరి ఈఎంఐ కట్టేసి చేతులు దులుపుకుంటే సరిపోదు, ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంటుంది, బండి అమ్మేటప్పుడు అది అడ్డం పడుతుంది. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని రవాణా శాఖ దగ్గర హైపోథికేషన్ (ఆర్సీ మీద రాసిన బ్యాంకు హక్కు) తీసేయించుకోండి, ఇన్సూరెన్స్ పాలసీలో కూడా బ్యాంకు పేరు తీయించండి. ఎన్‌ఓసీకి గడువు ఉంటుంది కాబట్టి చేతికి వచ్చిన వారంలోనే ఆ పని పూర్తి చేసుకోండి. అప్పటిదాకా ఈఎంఐకి పోయిన 8,303 మాత్రం ఆటో డెబిట్ ఆపకుండా ఆ పాత ఖాతాలోకే పోనివ్వండి.